జాబితాలో పేరున్నంత మాత్రాన సబ్‌స్ట్రేట్ అయిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

రోగానికి కారణమైన ప్రోటీన్‌ను కణం చేతనే నాశనం చేయించే మందుల గురించి ఈమధ్య తెలుగు పత్రికల సైన్స్ పేజీల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ మొదలు ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీ, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం దాకా జీవశాస్త్రం మీద ఇంత పని జరిగే ఊళ్ళో ఇది సంతోషించాల్సిన విషయమే. మా అభ్యంతరమల్లా ఒక్క వాక్యం మీద. ప్రోటీన్ల మీద యుబిక్విటిన్ అనే గుర్తు వేసే ఎంజైమే యుబిక్విటిన్ లైగేజ్. "ఫలానా యుబిక్విటిన్ లైగేజ్‌కి వందల లక్ష్యాలు దొరికాయి" అని రాస్తున్నారు. దొరికింది లక్ష్యాలు కాదు, ప్రోటీన్లను బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ (మాస్ స్పెక్) యంత్రం ఇచ్చిన పేర్ల జాబితా. ఆ రెంటికీ మధ్య ఏడాది రెండేళ్ళ పని ఉంటుంది. ఈ పొరపాటు పత్రికలది మాత్రమే కాదు. పీహెచ్‌డీ సెమినార్లలోనూ, నిధుల కోసం పెట్టే దరఖాస్తుల్లోనూ ఇదే మాట వినిపిస్తోంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

రోడ్డు వెడల్పు చేసే ముందు కూల్చాల్సిన గోడల మీద ఎర్ర రంగుతో గుర్తు వేసి వెళ్తారు. కణంలో ఆ ఎర్ర గుర్తు పేరు యుబిక్విటిన్. 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఇది. దీన్ని వేరే ప్రోటీన్ మీది లైసిన్ అనే అమైనో ఆమ్లానికి అతికించడానికి ఈ1, ఈ2, ఈ3 అనే మూడు రకాల ఎంజైములు వరసగా పనిచేస్తాయి. మనిషిలో ఈ1లు రెండే, ఈ2లు నలభైకి కాస్త అటూ ఇటూ, ఈ3లు అంటే లైగేజ్‌లు ఆరువందలకు పైనే. ఏ గోడ మీద గుర్తు వేయాలో తేల్చేది ఈ3. దాని పాలబడే ప్రోటీనే సబ్‌స్ట్రేట్, అంటే లక్ష్యం. యుబిక్విటిన్‌లోని 48వ లైసిన్ మీదుగా గొలుసు పెరిగితే ఆ ప్రోటీన్ సాధారణంగా ప్రోటియజోమ్ అనే కణపు కూల్చివేత యంత్రానికి పోయి ముక్కలవుతుంది. 63వ లైసిన్ మీదుగా పెరిగితే ఎక్కువగా సంకేతాలు మోసే పనికో, డీఎన్ఏ మరమ్మతుకో ఉపయోగపడుతుంది. అంటే గుర్తు పడ్డ ప్రతి గోడా కూలదు. ఈ వ్యవస్థను వెలికితీసినందుకే అవ్రమ్ హెర్ష్కో, ఆరన్ సియెకనోవర్, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

గుర్తు వేసింది ఎవరో పట్టుకోవడం ఎందుకింత కష్టం? లైగేజ్ తన సబ్‌స్ట్రేట్‌ను పట్టుకుని ఉండేది క్షణకాలం. గుర్తు పడ్డ ప్రోటీన్ ఆ వెంటనే మాయమవుతుంది, దాంతోపాటే గుర్తూ పోతుంది. మాయం కాని వాటి మీద గుర్తును చెరిపేయడానికి వందకు దగ్గరగా డీయుబిక్విటినేజ్ ఎంజైములున్నాయి. పైగా ఒకే ప్రోటీన్ మీద అనేక లైగేజ్‌లు పనిచేస్తాయి. క్యాన్సర్‌ను అడ్డుకునే పి53 ప్రోటీన్‌కి ఎండీఎం2 ప్రధానమైన లైగేజే అయినా అదొక్కటే కాదు. కాబట్టి ఒకదాన్ని తీసేస్తే ఇంకొకటి ఆ పని అందుకుంటుంది, తేడా కనబడదు.

అందరూ మొదట చేసేది లైగేజ్‌కి ఒక ట్యాగ్ తగిలించి కణంలో ఎక్కువ మోతాదులో తయారు చేయించి, బీడ్స్‌తో బయటికి లాగి, దానితో వచ్చినవన్నీ మాస్ స్పెక్‌లో చూడటం. హెచ్ఎస్‌పీ70, ట్యూబులిన్, రైబోజోమ్ ప్రోటీన్లు, చేతి చర్మం నుంచి రాలిన కెరటిన్ ఇందులో రాక తప్పదు. అవసరానికి మించి తయారైన లైగేజ్ సరిగా మడత పడదు. అలాంటి ప్రోటీన్‌కి హెచ్ఎస్‌పీ70 అంటుకోవడం దాని ధర్మం, దాన్ని సబ్‌స్ట్రేట్ అని చూపడం తప్పు. ఇలా ఏ ప్రయోగంలోనైనా వచ్చే చెత్తను పోల్చి చూసుకోవడానికి క్రాపోమ్ అనే ఉచిత డేటాబేస్ 2013 నుంచీ ఉంది. ఇంత వడపోసినా మిగిలేవి లైగేజ్‌తో కలిసి పనిచేసే ప్రోటీన్లు, దాన్ని అదుపు చేసే ప్రోటీన్లు, ఒకటో రెండో అసలు సబ్‌స్ట్రేట్లు. ఏది ఏదో ఈ పద్ధతి చెప్పలేదు. గోడ పక్కన నిలబడ్డ ప్రతివాడి చేతిలో రంగు డబ్బా ఉండదు కదా.

అందుకని లైగేజ్‌ను కాకుండా గుర్తునే వెతికే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఈ రంగానికి వెన్నెముక అదే. యుబిక్విటిన్ తోక చివర ఆర్జినిన్, ఆ తర్వాత రెండు గ్లైసిన్లు ఉంటాయి. ప్రోటీన్లను లైసిన్, ఆర్జినిన్ల తర్వాత కోసే ఎంజైము ట్రిప్సిన్. అది ఆ ఆర్జినిన్ తర్వాత కోసేస్తుంది. అప్పుడు సబ్‌స్ట్రేట్ లైసిన్ మీద రెండు గ్లైసిన్లే మిగులుతాయి. వాటి బరువు 114.043 డాల్టన్లు. ఈ జంట గ్లైసిన్ల లైసిన్‌ను పట్టే యాంటీబాడీ 2010లో వచ్చింది. మరుసటేడే ఒకే అధ్యయనంలో పదివేలకు పైగా స్థానాలు బయటపడ్డాయి. కోతలో వచ్చిన ప్రోటీన్ ముక్కలను (పెప్టైడ్లను) ఏరకుండా అన్నిటినీ చదివే ఇప్పటి డీఐఏ పద్ధతిలో ఒక్క రన్‌లో ముప్ఫై వేలు దాటుతున్నాయి.

పద్ధతి వినడానికి సులువే, చెడిపోయే చోట్లు మాత్రం చాలా ఉన్నాయి. మన ల్యాబుల్లో పిల్లలు నెలలు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి ఇది కొంచెం నిదానంగా చెప్పాలి.

కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్ 8 మోలార్ యూరియా, 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8, 150 మిల్లీమోలార్ ఉప్పు. అందులో డీయుబిక్విటినేజ్‌లను ఆపే పీఆర్-619 50 మైక్రోమోలార్, ప్రోటియేజ్ నిరోధకాలు. యూరియా ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోవాలి. నిల్వ ఉన్నా, వేడెక్కినా యూరియా నుంచి సయనేట్ పుట్టి లైసిన్లకు 43 డాల్టన్లు అంటించేస్తుంది. అలా మూసుకుపోయిన లైసిన్ దగ్గర ట్రిప్సిన్ కోయదు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఏసీ ఆపేసిన గదిలో బల్ల మీద పెట్టిన యూరియా సీసాను పొద్దున్నే వాడితే జరిగేది ఇదే. లైసేట్‌ను, అంటే పగలగొట్టిన కణాల ద్రావణాన్ని, వేడి చేయడం కూడా అంతే ప్రమాదం. కోత 25 డిగ్రీల దగ్గర చేస్తే నిశ్చింత.

సిస్టీన్లను మూయడానికి అలవాటు కొద్దీ అయోడోఅసిటమైడ్ వాడతారు. ఈ ప్రయోగంలో అది వద్దు, క్లోరోఅసిటమైడ్ వాడాలి. అయోడోఅసిటమైడ్ ఎక్కువైతే లైసిన్‌కి కూడా రెండుసార్లు అంటుకుంటుంది. ఒక్కోసారికి 57.0215, రెండుసార్లకు 114.043. పరమాణువుల లెక్కలోనూ జంట గ్లైసిన్లతో సరిసమానం. ఎంత ఖరీదైన యంత్రమైనా బరువు చూసి ఈ రెంటినీ విడదీయలేదు. 2008లోనే ఈ హెచ్చరిక అచ్చయింది. ఇప్పటికీ పాత ప్రోటోకాల్ కాగితాల్లో అయోడోఅసిటమైడే ఉంటోంది.

ప్రోటీన్ మోతాదు దగ్గర పిసినారితనం పనికిరాదు. యాంటీబాడీతో పట్టే పాత పద్ధతికి ఒక్కో శాంపిల్‌కి 5 నుంచి 10 మిల్లీగ్రాములు కావాలి. డీఐఏతో 1 మిల్లీగ్రాము పెప్టైడ్, 31 మైక్రోగ్రాముల యాంటీబాడీ సరిపోతాయి. సిస్టీన్ల మధ్య బంధాలు విప్పే డీటీటీ 5 మిల్లీమోలార్ 45 నిమిషాలు, క్లోరోఅసిటమైడ్ 10 మిల్లీమోలార్ చీకట్లో అరగంట. ముందు లైసిన్ల దగ్గరే కోసే లైస్-సి ఎంజైము 2 గంటలు, తర్వాత యూరియాను 2 మోలార్‌కి పలచన చేసి 1:50 పాళ్ళలో ట్రిప్సిన్ రాత్రంతా. ఆమ్లం కలిపి కోత ఆపి, సి18 కాలమ్ మీద ఉప్పు వదిలించి, పెప్టైడ్లను పూర్తిగా ఎండబెట్టాలి. పూర్తిగా అన్న మాట మీద పట్టుబట్టాలి. ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం ఏమాత్రం మిగిలినా, పెప్టైడ్లను బైండింగ్ బఫర్‌లో కలపగానే పీహెచ్ పడిపోతుంది, యాంటీబాడీ పట్టదు. బఫర్ పీహెచ్ 7.2 ఉందని సీసా మీద చూసుకుంటే చాలదు. పెప్టైడ్ కలిపిన తర్వాత ఒక చుక్క పీహెచ్ కాగితం మీద వేసి చూడాలి. ఈ చుక్క వేయక మొత్తం శాంపిల్ పోయిన ప్రయోగాలు ఎన్నో. ఆ తర్వాత 4 డిగ్రీల దగ్గర గంటన్నర, రెండు గంటలు తిప్పి, చల్లటి బఫర్‌తో కడిగి, 0.15 శాతం ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లంతో రెండుసార్లు దింపుకోవాలి.

గుర్తు పడ్డ ప్రోటీన్ మాయమైపోకుండా ప్రోటియజోమ్‌ను ఆపే ఎంజీ132 అనే మందును 10 మైక్రోమోలార్ చొప్పున 4 గంటలు ఇస్తారు. దీనికీ ఒక వెల ఉంది. ప్రోటియజోమ్ ఆగిపోతే యుబిక్విటిన్ అంతా గొలుసుల్లో ఇరుక్కుపోయి విడి నిల్వ తరిగిపోతుంది. అప్పుడు హిస్టోన్ల మీద ఉండే యుబిక్విటిన్ కూడా ఊడిపోతుంది. అంటే విధ్వంసంతో సంబంధం లేని గుర్తులు ఈ మందు వల్లే కనబడకుండా పోతాయి. ఇంకొకటి, 48వ లైసిన్ గొలుసు నుంచి వచ్చే పెప్టైడ్ విపరీతంగా పెరిగి యాంటీబాడీని అదే ఆక్రమిస్తుంది. కాబట్టి మందు ఇచ్చిన జత, ఇవ్వని జత రెండూ చేయాలి. ఒక్కదానితో సరిపెట్టిన ఫలితాన్ని సగం ఫలితమనే అనాలి.

లైగేజ్‌ను తీసేయడంలోనూ తొందరపాటు జరుగుతుంది. క్రిస్పర్‌తో జీన్ తీసేసి, క్లోన్ పెంచి, నెల తర్వాత కొలిస్తే అప్పటికి కణం సర్దుకుపోయి ఉంటుంది. ఆ లైగేజ్ నాశనం చేసేది మరో లైగేజ్‌నో డీయుబిక్విటినేజ్‌నో అయితే, దాని చాటున వందల గుర్తులు మారిపోతాయి. అవన్నీ మనం తీసేసిన లైగేజ్ ఖాతాలో పడతాయి. ఆక్సిన్ డెగ్రాన్‌తో గాని డీట్యాగ్‌తో గాని, అంటే మందు ఇవ్వగానే ప్రోటీన్‌ను నాశనం చేయించే ట్యాగుతో, గంట, రెండు గంటల్లో లైగేజ్‌ను మాయం చేసి, వెంటనే కొలవడం మేలు. కులిన్ కుటుంబం లైగేజ్‌లకు ఎంఎల్ఎన్4924 అనే మందు 1 మైక్రోమోలార్ చాలు. అయితే అది కులిన్ లైగేజ్‌లన్నిటినీ ఒకేసారి ఆపుతుంది. అసలు లైగేజ్ పక్కనే పనిచేయని రూపం కంట్రోల్‌గా ఉండాలి. లైగేజ్ హెక్ట్ రకమైతే చురుకైన సిస్టీన్‌ను అలనిన్ చేస్తారు, రింగ్ రకమైతే జింక్‌ను పట్టి ఉంచే సిస్టీన్లలో ఒకదాన్ని మారుస్తారు. కులిన్ కుటుంబంలోనే ఉండే ఎస్‌సీఎఫ్ లైగేజ్‌లు చాలావరకు ఫాస్ఫేట్ ఎక్కిన సబ్‌స్ట్రేట్‌నే గుర్తుపడతాయి కాబట్టి, ఫాస్ఫటేజ్ నిరోధకాలు లేకుండా వాటిని లాగడం వల్ల ఒరిగేది లేదు.

డేటా వచ్చాక చూడాల్సిన మొదటి సంగతి, అదే లైసేట్ నుంచి మొత్తం ప్రోటీన్ మోతాదు కూడా కొలిచారా అన్నది. గుర్తు రెట్టింపైందంటే లైగేజ్ ఎక్కువ పనిచేసిందనీ కావచ్చు, ఆ ప్రోటీనే రెట్టింపైందనీ కావచ్చు. పక్కన ప్రోటీన్ లెక్క లేకపోతే తేల్చలేం. లైగేజ్ పోయినప్పుడు గుర్తు తగ్గి, ప్రోటీన్ పెరిగితే అది విధ్వంసపు సబ్‌స్ట్రేట్ అనడానికి గట్టి ఆధారం. గుర్తు తగ్గి ప్రోటీన్ కదలకపోతే సంకేతపు గుర్తు కావచ్చు. ప్రోటీన్ మాత్రమే పెరిగి గుర్తు కనబడకపోతే అది జీన్ స్థాయిలో పెరిగిందేమో ఆర్ఎన్ఏ కొలిచి చూసుకోవాలి. రెప్లికేట్లు, అంటే అదే ప్రయోగాన్ని మళ్ళీ చేసినవి, కనీసం మూడు, వేర్వేరు రోజుల్లో పెంచిన కణాల నుంచి. ఒకే ట్యూబును మూడుసార్లు యంత్రంలోకి పంపితే తెలిసేది యంత్రం సంగతే.

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన స్థానాన్ని కంటితో ఒకసారి చూడాలి. గ్లైసిన్లు మోసే లైసిన్ దగ్గర ట్రిప్సిన్ సాధారణంగా కోయదు. కాబట్టి గుర్తు పడ్డ లైసిన్ పెప్టైడ్ మధ్యలో ఉండాలి. చిట్టచివర ఉందని సాఫ్ట్‌వేర్ చెబితే అనుమానించాలి. ఆస్పరజిన్ బరువు కూడా సరిగ్గా 114.043. వరసలో ఒక ఆస్పరజిన్ అటూ ఇటూ అయినా జంట గ్లైసిన్లుగా భ్రమపడుతుంది. ఇక నెడ్8, ఐఎస్‌జీ15 అనే యుబిక్విటిన్ బంధువులు కూడా ట్రిప్సిన్ కోతకు ఇదే జంట గ్లైసిన్ వదులుతాయి. మామూలు కణాల్లో వాటి వాటా తక్కువే గాని, ఇంటర్ఫెరాన్ ఇచ్చిన కణాల్లో ఐఎస్‌జీ15ను మరచిపోకూడదు. ఆ సందేహం తీరాలంటే లైస్-సితో కోసి, మిగిలే 13 అమైనో ఆమ్లాల పొడుగు తోకను పట్టే యాంటీబాడీ వాడాలి. అది యుబిక్విటిన్‌కే ప్రత్యేకం. మరో హద్దు కూడా ఉంది. లైసిన్ మీద కాకుండా సెరీన్, థ్రియోనిన్ మీద పడ్డ గుర్తులు ఈ యాంటీబాడీకి అందవు. జాబితాలో లేదు కాబట్టి సబ్‌స్ట్రేట్ కాదు అని అనడానికీ వీల్లేదు.

లైగేజ్‌కి టర్బోఐడీ అనే ఎంజైమును తగిలించి పది నానోమీటర్ల చుట్టుపక్కల ప్రోటీన్లకు బయోటిన్ అంటించే పద్ధతి కూడా ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. పది నిమిషాల్లో అంటుతుంది కాబట్టి క్షణికమైన కలయికలు దొరుకుతాయి. ఎంజీ132 ఇచ్చినప్పుడే పెరిగే పేర్ల మీద దృష్టి పెడితే పని తగ్గుతుంది. ఇదీ ఇరుగుపొరుగు జాబితాయే తప్ప తీర్పు కాదు.

తీర్పు ప్రయోగశాల బల్ల మీద, ఒక్కో పేరుకు విడివిడిగా వస్తుంది. సైక్లోహెక్సిమైడ్‌తో కొత్త ప్రోటీన్ తయారీ ఆపి 0, 1, 2, 4, 8 గంటలకు తీస్తే, లైగేజ్ లేని కణంలో ఆ ప్రోటీన్ ఎక్కువసేపు నిలవాలి. హిస్టిడిన్ ట్యాగ్ ఉన్న యుబిక్విటిన్‌తో 6 మోలార్ గ్వానిడిన్‌లో, అంటే పక్కవాళ్ళంతా విడిపోయే బఫర్‌లో, నికెల్ బీడ్స్‌తో లాగితే గొలుసు ఆ ప్రోటీన్ మీదే ఉందని తేలాలి. శుద్ధి చేసిన ఈ1, ఈ2, ఈ3, యుబిక్విటిన్, ఏటీపీతో ట్యూబులో గుర్తు పడాలి. ఏటీపీ లేని ట్యూబు, ఈ1 లేని ట్యూబు, పనిచేయని ఈ3 ఉన్న ట్యూబు పక్కనే ఉండాలి. యూబీసీహెచ్5 అనే ఈ2 ట్యూబులో కనబడ్డ ప్రతిదానికీ గుర్తు వేస్తుంది, కాబట్టి ఈ ఒక్క ప్రయోగాన్ని నమ్ముకోకూడదు. ఒక లైసిన్‌ను ఆర్జినిన్‌గా మార్చి విధ్వంసం ఆగలేదని నిరాశపడే విద్యార్థులు చాలామంది. ఆ లైసిన్ లేకపోతే లైగేజ్ పక్క లైసిన్ వాడుకుంటుంది. మార్చాల్సింది లైగేజ్ పట్టుకునే చోటును, అంటే డెగ్రాన్‌ను.

దీనికి మన ఊరికి బాగా తెలిసిన మందే ఉదాహరణ. థాలిడోమైడ్ 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చింది, పుట్టబోయే బిడ్డలకు ఘోరమైన హాని చేసి 1961లో వెనక్కి పోయింది. అది అంటుకునేది సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌కని జపాన్ శాస్త్రవేత్తలు 2010లో చూపారు. సెరెబ్లాన్ ఒక కులిన్ లైగేజ్‌లో భాగం. థాలిడోమైడ్ తమ్ముడు లెనాలిడోమైడ్ మైలోమా అనే రక్త క్యాన్సర్ రోగులకు పనిచేస్తుంది. హైదరాబాద్ కంపెనీ నాట్కో జెనెరిక్ 2022 మార్చిలో అమెరికా మార్కెట్‌కి వెళ్ళింది కూడా ఈ మందే. ఇది ఏ ప్రోటీన్‌ను కూల్చి మైలోమా కణాన్ని చంపుతుందో 2014లో తేలింది. ఒక బృందం మాస్ స్పెక్‌తో గుర్తులను, ప్రోటీన్లను రెంటినీ కొలిచింది. మరో బృందం మాస్ స్పెక్ ముట్టకుండా, వేల ప్రోటీన్లకు మిణుగురు పురుగు లూసిఫరేజ్ అతికించి వెలుగు తగ్గినవాటిని ఏరింది. రెండు దారులూ ఇకారోస్, అయోలోస్ అనే అవే రెండు ప్రోటీన్ల దగ్గర కలిశాయి. అక్కడితో ఆగలేదు. అయోలోస్‌లో 147వ స్థానంలోని గ్లుటమిన్‌ను హిస్టిడిన్ చేయగానే, మందు ఇచ్చినా ఆ ప్రోటీన్ చెక్కుచెదరలేదు. ఒక్క అమైనో ఆమ్లంతో కథ తిరగబడింది కాబట్టే అది సబ్‌స్ట్రేట్ అని నమ్మాం. ఎలుకలకు ఈ మందులు ఎందుకు పనిచేయవన్నదీ అలాగే ఒక్క అమైనో ఆమ్లం తేడాతో తేలింది. మనిషి సెరెబ్లాన్‌లో వాలిన్ ఉన్నచోట ఎలుకకు ఐసోల్యూసిన్ ఉంటుంది.

కాబట్టి మీ విలేకరులకు మా విన్నపం. లక్ష్యం దొరికిందని ఎవరు చెప్పినా మూడు ప్రశ్నలు అడగండి. పనిచేయని లైగేజ్‌తో పోల్చారా? అదే శాంపిల్‌లో మొత్తం ప్రోటీన్ కొలిచారా? డెగ్రాన్ మార్చినప్పుడు విధ్వంసం ఆగిందా? మూడింటిలో ఒక్కదానికైనా జవాబు లేకపోతే "అభ్యర్థులు" అని రాయండి, "సబ్‌స్ట్రేట్లు" అని వద్దు.

నగరంలో మాస్ స్పెక్ కేంద్రాలు నడిపే సంస్థలకూ ఒక మాట. యంత్రాలు కొనడానికి నిధులు దొరుకుతున్నాయి, యాంటీబాడీకీ రెప్లికేట్లకూ దొరకడం లేదు. జంట గ్లైసిన్ శాంపిల్ తీసుకునేటప్పుడు దాని జత ప్రోటీన్ శాంపిల్ కూడా తప్పనిసరి అని, రెంటికీ కలిపి ఒకే రుసుము అని పెడితే, విద్యార్థి ఖర్చుకు వెరచి రెండోదాన్ని వదిలేయడు. ముడి డేటాను ప్రైడ్ వంటి బహిరంగ భాండాగారంలో పెట్టాకే ఫలితాల నివేదిక ఇచ్చే నియమం ఉంటే, మరొకరు అదే డేటాను తిరిగి వెతికి అయోడోఅసిటమైడ్ నకిలీలను పట్టుకోగలరు.

శాంపిల్ పంపబోయే విద్యార్థులు ముందు రోజు ఒక పని చేయండి. 20 మైక్రోగ్రాముల లైసేట్ జెల్ మీద నడిపి యుబిక్విటిన్ యాంటీబాడీతో బ్లాట్ వేయండి. ఎంజీ132 ఇచ్చిన వరసలో పైనుంచి దట్టమైన పొగలాంటి మరక దిగాలి, ఇవ్వని వరసలో అది పలచగా ఉండాలి. రెండు వరసలూ ఒకేలా ఉంటే మందైనా పాతబడింది, డీయుబిక్విటినేజ్‌లైనా ఆగలేదు. ఆ శాంపిల్‌ను ట్రిప్సిన్ దాకా తీసుకుపోకండి, కణాలు మళ్ళీ పెంచండి.

భవదీయులు,
ప్రోటియోమిక్స్‌లో పనిచేసే ఇద్దరు పరిశోధకులు,
తార్నాక, హైదరాబాద్